వేర్లకు ఎండ తగలకుండా

మా కాలనీలో అందరికీ ఆమె అత్తే. మార్కాపురంలో మొక్కల పెంపకంలో శిక్షణ పొంది వచ్చి, గిద్దలూరులో మా పార్కుకు జీతం లేని తోటమాలి అయింది. మాకు పని నేర్పేటప్పుడు ఒకటే మాట: "వేర్లకు ఎండ తగలనీయొద్దు." మొక్క పైకి తీసిన మరుక్షణం వేర్ల మీద తడిగుడ్డ కప్పాలి. ఆలస్యమైతే చేతి మీద ఒక్కటి వేసేది.

పార్కు కాకముందు ఆ స్థలంలో లారీ పెట్టుకునేవాడొకడు ఓ మధ్యాహ్నం గడ్డపారతో వచ్చి, మేం నాటిన కానుగ మొక్కలన్నీ బూతులు తిడుతూ పెళ్లగించాడు. అత్త అడ్డం పోయింది. వాడు గడ్డపార తిప్పి కొట్టాడు. ఆమె నొసలు పగిలి ముఖమంతా నెత్తురైంది. నేను తువ్వాలు తడిపి గాయానికి అదిమితే, దాన్ని లాక్కుని వేర్ల మీద పరిచింది.

"అత్తా, ముందు ఆస్పత్రికి పోదాం పా!"

"నా తల ఏడికీ పోదులే. వేర్లు ఎండిపోతాండయి." తర్వాత వాడి వైపు తిరిగింది. "ఏంది అట్ల చూస్తావు? గడ్డపార తెచ్చినావు గదా, గుంతలు తవ్వు."

వాడు గడ్డపార మళ్లీ ఎత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను. అది మట్టిలో దిగిన చప్పుడు వినిపించింది.