అన్నమ్మక్క ఖాకీ అట్టలు

మా గ్రూపులో అన్నమ్మక్క పంపినన్ని గుడ్ మార్నింగులు ఇంకెవ్వరూ పంపలేదు. తెల్లారేసరికి ఒక గులాబీ పువ్వు, దాని కింద ఒక బైబిలు వాక్యం, దాని కింద చేతులు జోడించిన బొమ్మ. నిజానికి అది పూలు పంపుకోవడానికి పెట్టిన గ్రూపు కాదు. బడి లైబ్రేరియన్లం ఒకరి దగ్గర ఒకరం పని నేర్చుకుందామని పెట్టుకున్నది. హిందూపురం నుంచి నేను, ధర్మవరం నుంచి మంజుల, పెనుకొండ నుంచి అన్నమ్మక్క, ఇంకా చుట్టుపక్కల మండలాలవాళ్ళు కొందరు. బడిలో లెక్కల సారుకు మాట్లాడుకోవడానికి ఇంకో లెక్కల సారు ఉంటాడు. లైబ్రేరియనుకు ఎవరుంటారు? ఉన్నది ఒక్కరే. అందుకని ఫోనులో వెతుక్కున్నాం.

అన్నమ్మక్కది ఒక ఎయిడెడ్ హైస్కూలు. కొత్త పుస్తకం రావడమే ఆలస్యం, మైదా బంక కాచి, ఖాకీ కాగితంతో అట్ట వేసి, గుండ్రటి చేతిరాతతో నంబరు చీటీ అంటించేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పటి పెద్దసారు "పుస్తకం చినిగితే పూచీ నీదే" అన్నాడట. ఆ మాట ఆమె ఒంట్లో ఇంకిపోయింది. బొమ్మల పుస్తకమని లేదు, నిఘంటువని లేదు, అన్నింటికీ ఒకటే యూనిఫారం. అద్దాల బీరువాల్లో వరుసగా నిలబెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకునేది. ఇన్నేళ్ళలో ఒక్క పుస్తకమూ చినగలేదు. చినగాలంటే ముందు ఎవరైనా తియ్యాలి కదా!

ఈ ఏడు బడి తెరిచిన కొత్తలో ఇప్పటి పెద్దసారు నారాయణప్ప ఆమెను పిలిచాడు.

"ఏమమ్మా, నీ రూములో పిల్లోళ్ళు ఒక్కరూ కనపడరు. దసరా సెలవులైనాక దాన్ని కంప్యూటర్ల గది చేద్దామనుకుంటాండా. బీరువాలు వరండాలో పెట్టుకో."

ఆయన చెడ్డవాడేం కాదు. బడిలో గదులు చాలవు, ఖాళీగా కనిపించిన గది మీద కన్నుపడింది, అంతే. అన్నమ్మక్కకు మాత్రం ఆ గది ప్రాణం. పెళ్ళైన కొత్తలో చేరింది అందులో. కిటికీలోంచి పెనుకొండ కొండ కనిపిస్తుంది, మధ్యాహ్నం కూడా గాలి ఆడుతుంది. వరండాలో వాన జల్లుకు పుస్తకాలు ఏమవుతాయో తలచుకుని ఆమెకు అన్నం సహించలేదు. రెండు రోజులు ఓర్చుకుని గ్రూపులో గది ఫోటో పెట్టింది. "ఇంత చక్కగా పెట్టుకున్న గదిని తీసేస్తారంట. ఏం చెయ్యాలో సలహా చెప్పండి" అని రాసింది.

అందరూ అయ్యో అంటారనుకుంది పాపం. మంజుల ఒక్క ముక్క రాసింది: "అక్కా, అవన్నీ ఒకే పుస్తకమా?"

ఇంకో నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు. కాసేపటికి అన్నమ్మ గ్రూపు వదిలి వెళ్ళారని చిన్న అక్షరాలు పడ్డాయి. ఇంట్లో అలగాలంటే అన్నం మానెయ్యాలి, మూటాముల్లె సర్దుకోవాలి. వాట్సాప్‌లో అయితే వేలితో ఒక నొక్కు చాలు. కానీ మర్నాడు గులాబీ పువ్వు రాలేదు. రోజూ దాన్ని విసుక్కునేదాన్ని నేనే, ఆ రోజు మూడుసార్లు ఫోను తీసి చూసుకున్నాను.

"నేను తిట్టలేదు లక్ష్మీప్రియా, నిజంగానే అడిగితి" అని మంజుల ఫోను చేసి వాపోయింది. "పా, పోయి ఎదురుగానే చెప్దాం."

రెండో శనివారం ఆమె ధర్మవరంలో, నేను హిందూపురంలో రైలెక్కి పెనుకొండలో దిగాం. అంతవరకు ముగ్గురం ఒకరి ముఖం ఒకరు ఫోనులో తప్ప చూసుకోలేదు. అన్నమ్మక్క గది తెరిచింది, ఫ్లాస్కులోంచి టీ పోసింది, కుర్చీలు దులిపింది. మాట మాత్రం ముక్తసరిగానే.

మంజుల బీరువా ముందు నిలబడి నిదానంగా చెప్పింది. "అక్కా, మా ఆయన పట్టుచీరలు నేస్తాడు. అంగట్లో చీర పెట్టేటప్పుడు అంచూ కొంగూ బయటికి కనపడేట్టు మడిసి పెడతారు. కాగితంలో చుట్టేది ఎవురన్నా కొన్నాక. నువ్వు ముందే చుట్టేస్తివి కదక్కా."

"చినిగితే?"

"చినిగితే అంటిద్దాం. బంక కాసేది నీకంటే బాగా ఎవురికొస్తాది?"

అన్నమ్మక్క కొంగు ముడి విప్పి, బీరువా తీసి, చేతికందిన పుస్తకం ఒకటి తీసి, అట్ట మడతలు గోటితో నెమ్మదిగా లేపింది. లోపల నీలం రంగు మీద పసుపుపచ్చ పులి. "అబ్బ! ఇంత బాగుండాదా ఇది?" అంది. అట్ట వేసిన రోజు తను చూసిన పులే. మరిచిపోయింది. ఆమె ముఖం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. సాయంత్రం రైలు దాకా ముగ్గురం నేల మీద కూర్చుని అట్టలు విప్పుతూనే ఉన్నాం, ఖాకీ కాగితం మోకాళ్ళ దాకా పేరుకుంది.

ఆ రాత్రే ఆమెను మళ్ళీ గ్రూపులో చేర్చాను. ఆ తర్వాత గులాబీలు తగ్గాయి, ప్రశ్నలు మొదలయ్యాయి. కథ ఎట్లా చదివితే పిల్లలు వింటారు? చిన్నక్లాసు పిల్లలకు ఏది ఇవ్వాలి? ఎవరు పంపిన వీడియో అయినా రెండుసార్లు చూసి, అర్థం కానిది మొహమాటం లేకుండా అడిగేది. బట్టల దండెంలా తాడు కట్టి క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీసిన మా బడి ఫోటో చూసి, వారం తిరక్కుండా తన కిటికీకి తాడు కట్టింది. కథ చదువుతూ చదువుతూ మంచి పట్టు మీద ఆపేసి పుస్తకం మూసెయ్యాలని మంజుల వీడియోలో చూపించింది. అన్నమ్మక్క ఏడో తరగతిలో గొర్రెపిల్ల పాడుబడ్డ బావిలో పడ్డ కథ అందుకుని, అది బావిలో ఉండగానే పుస్తకం మూసింది.

"పిల్లోళ్ళు నన్ను తిట్టిపోస్తాండారు మంజులా!" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆమె అంత గట్టిగా నవ్వగలదని మాకప్పుడే తెలిసింది. ఆ పుస్తకం హరిత అనే పిల్ల పట్టుకుపోయింది. వాళ్ళింట్లో గొర్రెలున్నాయి. వాళ్ళవ్వ ఈరక్క పూర్తిగా వినేదాకా పిల్లను నిద్రపోనియ్యలేదట.

దసరా సెలవులయ్యాయి. నారాయణప్ప సారు టేపు పట్టుకున్న మేస్త్రీని వెంటబెట్టుకుని గదికి వచ్చాడు. బీరువాలు బార్లా తెరిచి ఉన్నాయి. అరలు దాదాపు ఖాళీ.

"పుస్తకాలే లేవే! ఇంక రూమెందుకమ్మా నీకు?"

అన్నమ్మక్క ఇన్నేళ్ళూ నిండు బీరువాలు చూపించి గది కాపాడుకుంది. ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు.

"ఇండ్లకు పోయినాయి సార్" అంది మెల్లగా.

"అన్నీనా?"

"ఇంటర్‌బెల్లు కొట్టనీండి సార్. వస్తాయి."

సారు నమ్మలేదు. మేస్త్రీ గోడ ఈ చివర నుంచి టేపు లాగడం మొదలుపెట్టాడు. అది సగం గదికి చేరేలోపే బెల్లు మోగింది. పిల్లలు తోసుకుంటూ వచ్చి పడ్డారు. పులి పుస్తకం ఇచ్చేవాళ్ళు, దాని కోసమే కాచుకున్నవాళ్ళు, నాకంటే నాకని లాక్కునేవాళ్ళు. టేపు ఎవరి కాళ్ళ కింద పడిందో తెలియదు. సారు వెనక్కి జరిగి జరిగి కిటికీకి ఆనుకున్నాడు.

"సార్, రవ్వంత జరగండి సార్. ఆ తాడుకు పుస్తకం తగిలించాల" అంది హరిత.

నారాయణప్ప సారు జరిగాడు. కాసేపు అలాగే నిలబడి చూశాడు. మేస్త్రీ వైపు తిరిగి, "ఈడ కాదులేప్పా. స్టాఫ్‌రూము కొలుద్దాం పా" అన్నాడు.

ఆ సాయంత్రం అన్నమ్మక్క గ్రూపులో ఫోటో పెట్టింది. అద్దం తలుపులు తెరిచిన బీరువా, అరలో ఒక్క పుస్తకం కూడా లేదు. ఆమడగూరు నుంచి కొత్తగా చేరిన అమ్మాయికి ఈ సంగతులేవీ తెలియవు. "అయ్యో, పుస్తకాలు యాడ పోయినాయక్కా?" అని అడిగింది.

అన్నమ్మక్క వెంటనే రాసింది: "పనికి పోయినాయి తల్లీ."