పచ్చంచు తువ్వాలు

మంగళగిరి చేనేత పేటలో వెంకటప్పయ్యను ఎరగనివాళ్లు లేరు. అది మగ్గం మీద పనితనం వల్ల వచ్చిన పేరనుకుంటే పొరపాటే. పనితనం ఉన్నవాళ్లు ఆ పేటలో ఇంటికిద్దరు ఉన్నారు. ఈయనకు పేరు తెచ్చిపెట్టింది ఒక హత్య. ఆ హత్య ఈయన చేయలేదు. ఎవరు చేశారో ఈయనకు తెలియదు. ఆ తెలియదన్న ముక్కనే ఎవరూ నమ్మరు, కట్టుకున్న భార్యతో సహా.

సంగతి 1996 నాటిది. అప్పటికి వెంకటప్పయ్యకు నలభై ఆరేళ్లు. రోజూ మగ్గం, ఉత్సవాల రోజుల్లో నాటకం. పద్యానికి గొంతు పలకదు కాబట్టి ఎప్పుడూ ద్వారపాలకుడి వేషమే. ఇరవై ఏళ్ల పాటు రాజుల వెనక ఈటె పట్టుకుని నిలబడ్డాడు పాపం. "ప్రభూ, తమ దర్శనానికి ఎవరో వచ్చారు" అన్న మాట తప్ప రంగం మీద ఆయన నోట మరో మాట విన్నవాళ్లు లేరు. ఆ వచ్చినదెవరో కూడా చెప్పే పని ఆయనకు ఉండేది కాదు.

ఆ వేసవిలో హైదరాబాదు నుంచి టీవీ సీరియల్ వాళ్లు వచ్చి ఉండవల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఒక పాత బంగళా అద్దెకు తీసుకున్నారు. బంగళాలో ఉండే ప్లీడరుగారు హత్యకు గురవుతాడు. వారానికి ఒకరి మీద అనుమానం వస్తుంది. చివరికి హంతకుడు దొరుకుతాడు. ఇదీ కథ. గేటు దగ్గర వాచ్‌మన్ వేషానికి స్థానికంగా ఒక మనిషి కావలసి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడటంలో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి ఎవరు కాదంటారు?

ఒక్క రోజు పని. వెంకటప్పయ్య ఉండబట్టలేక, "చంపిందెవరండీ?" అని డైరెక్టరుగారిని అడిగాడు.

"అది నీకెందుకయ్యా? నువ్వు గేటు తియ్యి," అన్నాడాయన.

పొద్దున గేటు తీసే సీను అయింది. భుజం మీద తాను నేసిన ఎర్రంచు తువ్వాలే వేసుకున్నాడు. మధ్యాహ్నం భార్య మాణిక్యమ్మ కట్టిచ్చిన క్యారియర్ విప్పాడు. గోంగూర గిన్నె మూత బిగుసుకుపోయింది. గట్టిగా లాగేసరికి నూనెతో సహా పచ్చడి వచ్చి తువ్వాలు మీద పడింది. అరచేయంత మరక. తర్వాతి సీను ప్లీడరుగారి శవాన్ని చూసి కెవ్వున అరవడం. డైరెక్టరు చూస్తే తిట్టిపోస్తాడని భయపడి, మరక తువ్వాలును అక్కడే బంగళా వెనక పొదల్లో పడేశాడు. మాణిక్యమ్మ క్యారియర్‌కు చుట్టిచ్చిన ఆకుపచ్చ అంచు తువ్వాలును భుజాన వేసుకుని వెళ్లి అరిచాడు. షూటింగు వాళ్లలో ఒక్కరూ ఆ మార్పు పోల్చలేదు.

ఆషాఢం వచ్చేసరికి సీరియల్ మొదలైంది. మంగళవారం సాయంత్రం పేట పేటంతా గంగాధర్ ఇంట్లో కలర్ టీవీ ముందు చేరేది. గంగాధర్ వరసకు వెంకటప్పయ్యకు బావమరిది, ఆయనా నేతపనివాడే. రెండో వారం వెంకటప్పయ్య తెర మీదకు వచ్చాడు. అందరూ ఈలలు వేశారు. గేటు తీశాడు, లోపలికి వెళ్లాడు, అరిచాడు. రాష్ట్రమంతా శవాన్ని చూసింది. మంగళగిరి మాత్రం అంచు చూసింది.

"ఆగండాగండి! గేటు కాడ ఎర్రంచు, శవం కాడ పచ్చంచు. ఏం బావా, తువ్వాలెందుకు మార్చావు?" అన్నాడు గంగాధర్.

గదిలో అందరి తలలూ వెంకటప్పయ్య వైపు తిరిగాయి.

"ఎందుకేంటి, మొదటిదానికి రక్తం అంటుకునుంటది. చంపింది వాచ్‌మనే!" అన్నారు వెనక నుంచి ఎవరో.

అప్పుడే ఉన్నమాట చెప్పేస్తే సరిపోయేది. అందరూ నవ్వేవాళ్లు, రెండు రోజులు గోంగూర అని ఏడిపించేవాళ్లు, అంతటితో పోయేది. కానీ ఇరవై ఏళ్లలో ఏనాడూ ఎవరూ ఆయన్ని ఒక ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు ముప్పై మంది ఆయన నోటి వంక చూస్తున్నారు. మనిషన్నవాడికి ఆ రుచి తగిలితే ఊరుకుంటాడా? వెంకటప్పయ్య మీసం కింద నవ్వుకుని, "చెప్పకూడదు. ఒట్టేయించుకున్నారు," అన్నాడు.

ఇంటికి వచ్చాక మాణిక్యమ్మ అడిగింది. "ఏవండీ, ఆ పచ్చంచుది నేను క్యారియర్‌కి కట్టిందేగా? భుజమ్మీదికి ఎందుకొచ్చింది?"

"డైరెక్టరుగారే మార్చమన్నారు. దానికో కారణం ఉంది. ఆ ఎర్రది వాళ్లే ఉంచుకున్నారు."

"ఏం కారణం?"

"నీక్కూడా చెప్పకూడదు. నువ్వూ ఎవరి దగ్గరా అనమాకు."

ఆమె కళ్లు పెద్దవి చేసి తల ఊపింది. ఆ చూపు ఆయనకు ఎంతో నచ్చింది. పెళ్లయిన పాతికేళ్లలో ఆమె తనను అలా చూసిన గుర్తు లేదు.

ఇక పేటలో మగ్గం ఆడేటప్పుడూ అదే మాట, టీ తాగేటప్పుడూ అదే మాట. చంపింది వాచ్‌మన్ అని కొందరు, ప్లీడరు బామ్మర్ది అని కొందరు. గంగాధర్ అయితే వాచ్‌మన్‌లు ఇద్దరనీ, కవలలనీ, ఒక్కొక్కడికీ ఒక్కో అంచనీ కనిపెట్టాడు. నూలు కండెలు చుట్టేచోట ఆడవాళ్లు మాణిక్యమ్మను గుచ్చి గుచ్చి అడిగేవాళ్లు. "ఆయన చెప్పరు, నేనడగను," అనేది ఆమె, తల కాస్త పైకెత్తి.

పదకొండో వారం తర్వాత సీరియల్ ఆగిపోయింది. ఏమైందో చెప్పిన నాథుడు లేడు. మంగళవారం ఆ టైముకు టీవీ పెడితే పాటలొచ్చాయి. మరుసటి వారమూ పాటలే. ప్లీడరుగారిని చంపినవాడు అలాగే తప్పించుకుపోయాడు. ఆ భారమంతా వచ్చి వెంకటప్పయ్య నెత్తిన పడింది.

"ఇంక ఒట్టేంటి బావా, ఆగిపోయిందిగా. చెప్పెయ్," అన్నాడు గంగాధర్.

"నాకు తెలియదురా."

"అట్టాగా! మొన్నటిదాకా తెలుసుగా?"

ఇక లాభం లేదని గోంగూర సంగతి చెప్పాడు. పగలబడి నవ్వారు. నమ్మి కాదు, ఎంత బాగా తప్పించుకుంటున్నాడో అని. ఆ నవ్వు ఇంట్లో కూడా ఎదురైతే తట్టుకోలేననుకున్నాడో ఏమో, మాణిక్యమ్మకు మాత్రం చెప్పలేకపోయాడు. ఆమె కూడా అది పేటవాళ్లను తప్పించుకునేందుకు ఆడిన మాటేననుకుని ఊరుకుంది.

డైరెక్టరుగారికి ఉత్తరాలు రాశాడు. అవి రాసినవి రాసినట్టే తిరిగొచ్చాయి. ఫోను చేస్తే ఎవరో కొత్తవాళ్లు ఎత్తి విసుక్కున్నారు. అయిదేళ్ల తర్వాత బెజవాడ బస్టాండులో, సీరియల్లో ప్లీడరు బామ్మర్ది వేషం వేసినాయన కనబడితే, ప్రాణం లేచొచ్చినట్టయి పరుగెత్తుకెళ్లి అడిగాడు.

"నాకూ తెలియదండీ. కథ డైరెక్టరుగారి బుర్రలోనే ఉండేది. ఆయన పోయి మూడేళ్లయింది," అన్నాడాయన. అంతటితో ఊరుకోక, "టీవీలో చూస్తే తువ్వాలు మారింది కదా, మీరేనేమో అనుకున్నాం మేమంతా," అన్నాడు. వెంకటప్పయ్య ఆయనెక్కిన ఉయ్యూరు బస్సు వెళ్లిపోయేదాకా అక్కడే కొయ్యబారి నిలబడ్డాడు. జవాబు తనకే కాదు, ఈ లోకంలోనే ఎవరికీ తెలియదని ఆయనకు అప్పుడు అర్థమైంది.

2004లో మాణిక్యమ్మకు గర్భసంచి ఆపరేషన్ చేయాలన్నారు. బెజవాడలో ఆసుపత్రి. పొద్దున్నే గౌను తొడిగి, గాజులు తీయించి కూర్చోబెట్టారు. ఆమెకు లోపల భయంగానే ఉంది. వెంకటప్పయ్య చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ, ఇప్పుడైనా చెప్పండి. చంపిందెవరు?"

ఏదో ఒకటి చెప్పి తృప్తిపరచాలనుకున్నాడు. "బామ్మర్దే," అన్నాడు.

ఆమె ఒప్పుకోలేదు. "మరి డైరెక్టరుగారు మీ తువ్వాలెందుకు మార్పించారు? బామ్మర్దయితే ఆ తువ్వాలుతో పనేముంది? నేనా సంగతి ఎనిమిదేళ్లు కడుపులో దాచుకున్నానండీ. గంగాధర్ పెళ్లాం ఎన్ని విధాల అడిగినా నోరిప్పలేదు."

వెంకటప్పయ్య ఇక దాచలేకపోయాడు. అంతా చెప్పేశాడు. ఎవరూ మార్చమనలేదన్నాడు, గిన్నె మూత రాలేదన్నాడు, గోంగూర పడిందన్నాడు, మరక తువ్వాలు పొదల్లో పారేశానన్నాడు. కారణం ఏమీ లేదన్నాడు. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాణిక్యమ్మ ఆయన మొహం వంక చూస్తూ అంతా విన్నది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గోంగూర కథ ఊరికి చెప్పింది. ఊరికి నిజం చెప్పలేదంటే సరే. నాక్కూడానా?" అంది.

ఈలోగా బండి తెచ్చి ఆమెను లోపలికి తీసుకువెళ్లారు. ఆయన ఆ తలుపు బయట నిలబడ్డాడు. గుమ్మం దగ్గర నిలబడటం ఆయనకు అలవాటే. కానీ ఆ రోజు నిలబడలేక వరండాలో అటూ ఇటూ తిరిగాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పదో రోజుకు ఇంటికి వచ్చి, నెల తిరిగేసరికి కండెలు చుట్టడం మొదలుపెట్టింది. వేళకు వండుతుంది, వడ్డిస్తుంది, మాట్లాడుతుంది. ఊళ్లో వాళ్లు మాత్రం ఎదురుపడితే చాలు, "చంపిందెవరు?" అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. మాణిక్యమ్మ ఒక్కతే అడగడం మానేసింది. వెంకటప్పయ్యకు మింగుడుపడనిది అదే. ఆమె ఇంకొక్కసారి అడిగితే బాగుండునని ఆయన రోజూ ఎదురుచూస్తాడు.

మొన్నొక రోజు అన్నం తింటూ, తనే ఉండబట్టలేక అన్నాడు. "మాణిక్యం, నీమీద ఒట్టు. నాకు నిజంగా తెలియదే."

"సరేలెండి," అంది మాణిక్యమ్మ, మజ్జిగ పోస్తూ.