లేని వంతెన మీద రెండు ప్రశ్నలు

ఆ వయసులో నాకు కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. లోకంలో జరిగే ఆలస్యమంతా నన్ను ఉడికించడానికే జరుగుతోందని గట్టిగా నమ్మేదాన్ని. చదువు అవగానే బ్రాడీపేటలో ఒక ప్రతిపక్ష ఎమ్మెల్యే గారి ఆఫీసులో చేరాను. ఆయన అసెంబ్లీకి పంపే ప్రశ్నలు రాసిపెట్టడం నా పని. రాతపూర్వకంగా అడిగితే మంత్రిగారు రాతపూర్వకంగానే జవాబివ్వాలి, అది రికార్డులో ఉండిపోతుంది. నేను మొదటి ప్రశ్నలోనే ప్రభుత్వాన్ని పేజీలకు పేజీలు కడిగేశాను. (చివర్లో ప్రశ్న గుర్తు పెట్టడం మాత్రం మరచిపోలేదు.) ఎమ్మెల్యే గారు ఓపిగ్గా చదివి, "బాగుందమ్మా, దీన్ని మీటింగులో మాట్లాడతాను. ఇప్పుడు జవాబు చెప్పక తప్పనిది ఒకటి రాయి," అన్నారు.

నా తొందరకి కారణం మా పిన్ని. పెదకాకాని దాటి లోపలికి వెళ్తే వాళ్ళ ఊరు. ఊరికీ పొలాలకీ మధ్య వాగు. వంతెన కడతామని కొబ్బరికాయ కొట్టి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ ఏడు వానల్లో పత్తి ట్రాక్టరు వాగులో ఒరిగి బాబాయి కాలు విరిగింది. అప్పట్నుంచీ పిన్ని రోజూ ఆఫీసుకే ఫోన్ చేసేది. "ఏమే, మీ ఆయన అడిగాడా?" "మా ఆయన కాదు పిన్నీ, ఎమ్మెల్యే గారు," అని గొంతు తగ్గించి చెప్పేదాన్ని. (పెళ్ళికాని పిల్లని, పక్క బల్లల వాళ్ళు చెవులు రిక్కించి వినేవాళ్ళు.)

వంతెన పనులు ఎంతవరకు వచ్చాయని అడిగాం. కాచుకుని కాచుకుని నా గోళ్ళన్నీ కొరికేసుకున్నాక జవాబొచ్చింది: "నిర్మాణం పూర్తయి, ప్రజల వినియోగంలో ఉంది." నాకు తల తిరిగింది. స్కూటీ తీసుకుని మిట్టమధ్యాహ్నం ఆ ఊరు వెళ్ళి, వాగు గట్టు వెంట పైకీ కిందకీ తిరిగాను, ఏ మలుపులోనైనా నక్కి ఉందేమోనని. పత్తి చేలోంచి పిన్ని చూసింది.

"ఏం వెతుకుతున్నావే ఎండలో?"

"వంతెన పిన్నీ. కట్టేశామని రాసిచ్చారు."

"అయితే ఆ కాగితం తెచ్చి వాగు మీద పరిచెయ్యి, దాటతాం."

ఉడికిపోతూ ఆఫీసుకొచ్చి ధర్నా అన్నాను, ప్రెస్‌మీట్ అన్నాను. ఎమ్మెల్యే గారు దగ్గొచ్చేదాకా నవ్వారు. "ఇంకా కట్టలేదని రాసుంటే మనం చేసేదేం ఉండేది కాదమ్మా. కట్టామన్నారు, ఇక దొరికారు. ఎప్పుడు పూర్తయింది, కట్టిన కాంట్రాక్టరెవరు, తనిఖీ చేసిన ఇంజినీరెవరు? ఈ మూడే అడుగు." అందులో ఒక్క తిట్టూ లేదు. నాకు చప్పగా అనిపించింది.

జవాబు గడువు ఇంకా ఉండగానే పిన్ని ఫోను. "జీపుల్లో ఆఫీసర్లు దిగారే. వంతెన ఎక్కడమ్మా అని నన్నే అడుగుతున్నారు."

"నువ్వేమన్నావు?"

"మా అమ్మాయి కూడా వెతికింది, దొరకలేదండీ అన్నాను."

రెండో జవాబులో, అదే పేరున్న వేరే ఊరి వంతెనని పొరపాటున చెప్పామనీ, ఈ ఊరి పనులు వెంటనే మొదలుపెడుతున్నామనీ రాశారు. నిజంగానే మొదలుపెట్టారు. మరుసటి ఏడు పత్తి దాని మీదుగానే వచ్చింది. బాబాయి కుంటుకుంటూ ట్రాక్టరు ముందు నడుస్తుంటే పిన్ని వంతెన పిట్టగోడని చేత్తో తట్టి చూసింది, కాగితం కాదు కదా అని.

ఇప్పుడు నేనా ఉద్యోగంలో లేను. అయినా అసెంబ్లీ సమావేశాలప్పుడు ఇంట్లో అందరూ టీవీలో అరుపులు చూస్తుంటే, నేను ఫోన్లో రాతపూర్వక జవాబులు చదువుతాను. "ఆసుపత్రి పనిచేస్తున్నది" అని ఉంటే చాలు, నవ్వొస్తుంది. ఆ ఆసుపత్రి తలుపుకి వేలాడే తాళం ఫొటో తీయడానికి ఈపాటికి ఎవరో ఒక పిల్ల అన్నం కూడా తినకుండా బయల్దేరే ఉంటుంది. కాస్త తిని వెళ్ళమ్మా అనాలనిపిస్తుంది. నాతో ఎవరైనా అలా అనుంటే ఆగేదాన్నా?