ఆబిడ్స్ మీదుగా నాంపల్లికి

మా తాలూకా నుంచి పట్నం చూడబోయేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఏ బండి ఎక్కాలి, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ ఏం తినాలి అని నన్ను అడుగుతున్నారు. పట్నంలో నేను తిరిగి చూసింది ఒక్కరోజే. ఆ ఒక్కరోజు సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను పోయింది ఊరు చూడటానికి కాదు, నా భార్యను తెచ్చుకోవడానికి. అనసూయ పుట్టిల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉంది. వానలకు ముందు కాన్పుకని పోయింది. బిడ్డ దక్కలేదు. నేను రెండు రోజులు అక్కడుండి, దున్నే పని మీద పడటంతో తిరిగి వచ్చేశాను. నెల పోయాక వస్తుందనుకున్నాను. ఎనిమిది నెలలైంది. ఉత్తరం రాస్తే ఆమె అన్న కిషన్‌రావు జవాబు రాసేవాడు. అందరం క్షేమం అనేవాడు. వస్తుందనీ రాయడు, రాదనీ రాయడు. పెళ్ళయి వచ్చిన నాలుగేళ్ళూ పొయ్యి దగ్గర కూర్చుని అనసూయ పట్నం కబుర్లు చెప్పేది. ఇరానీ హోటల్లో సాసర్లో పోసుకుని తాగే చాయ, ఆబిడ్స్‌లో అద్దాల వెనక కోటు తొడుక్కుని నిలబడే బొమ్మ, సుల్తాన్ బజార్‌లో తాన్లు తాన్లుగా విప్పి పరిచే బట్టలు. అవి వదిలి రాలేకపోతోందేమో అనిపించింది. ఆ చాయ నేనూ తాగితే, ఆ బజారులో నేనూ తిరిగితే కొంత తెలుస్తుందనుకున్నాను. గురువారం వస్తున్నాను, పంపండి అని కార్డు రాశాను. జవాబు రాలేదు.

పొద్దున ఏడున్నరకు వికారాబాద్‌లో బండి. మూడో తరగతి టికెట్టు పదమూడు అణాలు, నిజాం నాణెం హాలీ సిక్కాలో. కిటికీ పక్కన చోటు కావాలంటే అరగంట ముందే స్టేషన్లో ఉండాలి. శంకర్‌పల్లి దాటేవరకు చలి ఉంటుంది, దుప్పటి దగ్గర పెట్టుకోవాలి. నాంపల్లిలో దిగేసరికి పదిన్నరయింది. ఇంజను పొడుగ్గా ఒక కూత వేసి ఆగింది. కిషన్‌రావు గన్‌ఫౌండ్రీలో ఒక దఫ్తరులో గుమాస్తా, ఐదింటికి గాని ఇల్లు చేరడు. మగవాళ్ళు లేని వేళ అల్లుడు పోయి గుమ్మంలో నిలబడటం బాగుండదు. ఇంటికి ఐదు నిమిషాల నడక ఉన్నా, ఆ వైపు పోకుండా బయట టాంగాల దగ్గరికి నడిచాను.

“యాడికి పటేలా?” అన్నాడు ఒక టాంగా ఆయన. పండిన గడ్డం, తలకు ఎర్ర తువాలు.

“ఆబిడ్స్.”

“ఏం కొంటవ్?”

“ఏం కొన. చూస్త.”

“చూసుడుకు రెండణాలు. కొనుడుకు గూడ రెండణాలే. ఎక్కు.”

నిజానికి అది పావుగంట నడక. చేతిలో మూటలు లేకపోతే టాంగా అక్కర్లేదు. దారిలో అతను ఊరికే ఉండలేదు. పట్నంలో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అత్తగారిల్లు స్టేషన్ వెనకాలే అన్నాను. కళ్ళెం లాగి వెనక్కి తిరిగి చూశాడు.

“ససురాల్ ఎనకాల పెట్టుకొని ముంగటికి పోతున్నవా? లడాయి గిట్ల అయిందా?”

“లడాయి ఏం లేదు. మాపటికి పోత.”

“నీ మర్జీ. మా దిక్కు అల్లుడైతే పొద్దుగాల్నే దిగుతడు. మూడు పూటల తినొచ్చు గద.”

ఆబిడ్స్ రోడ్డు వెడల్పుగా, శుభ్రంగా ఉంది. పోస్టాఫీసు ముందు మోటారు కార్లు వరసగా నిలబెట్టారు. అద్దాల దుకాణం తొందరగానే కనబడింది. బొమ్మ ఉంది, కోటు ఉంది. మనిషంత ఎత్తు, ముఖానికి గులాబి రంగు పూశారు. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. నిలబడ్డకొద్దీ అద్దంలో నా తలపాగా, భుజం మీద దుప్పటి తప్ప వేరేమీ కనబడలేదు. దుకాణం కావలి మనిషి దగ్గరికొచ్చి, “లోపలికన్న పో, బయటికన్న జరుగు” అన్నాడు. జరిగాను.

ఇరానీ హోటలు పక్క మలుపులోనే ఉంది. తలుపుల్లేని వెడల్పాటి ద్వారం, గోడలకు నిలువుటద్దాలు, తెల్లరాతి బల్లలు. నేను చెప్పులు గడప బయట విడిచి లోపలికి పోయాను. చాయ తెచ్చే ముసలాయన నా కాళ్ళ వైపు చూశాడు.

“చెప్పులేవి?”

“బయట ఇడిసిన.”

“ఇది గుడి గాదు తమ్మీ. పొయి తెచ్చుకో. ఇయ్యాల సంత, మాపటికల్ల అమ్ముడువోతయ్.”

పక్క బల్ల దగ్గర ఇద్దరు నవ్వారు. పోయి తొడుక్కుని వచ్చాను. ముసలాయనది మెదక్ వైపు ఊరట. చాయ పెట్టి నా దగ్గరే నిలబడ్డాడు. కప్పుతో తాగబోయి మూతి కాల్చుకున్నాను. “సాసర్ల పోసి ఊదుకో. జల్దేమున్నది, గంట కూసున్నా ఎవ్వరు లేవమనరు” అన్నాడు. చాయ చిక్కగా ఉంది. యుద్ధం వచ్చాక చక్కెర తగ్గించారని పక్కవాళ్ళు అనుకున్నారు గాని నాకు తీపి సరిపోయింది. అణా ఇచ్చాను. అందులోనే ఒక బిస్కెట్టు కూడా వచ్చింది. హోటల్లో ఒక మూల పరదా కట్టి ఉంది. ఆడవాళ్ళకని చెప్పారు. అనసూయ కూర్చున్నది అక్కడే అయి ఉంటుందనుకున్నాను. మా ఇంట్లో ఆమె కూర్చునే చోటు పొయ్యి పక్కన పీట. ఆ పరదా వైపు చూస్తూ రెండో చాయ కూడా తాగాను. ఎనిమిది నెలల్లో ఆమె గురించి అంతసేపు కదలకుండా ఆలోచించింది అప్పుడే. ఊళ్ళో పని ఆగనివ్వదు.

అక్కడినుంచి గన్‌ఫౌండ్రీ మీదుగా సుల్తాన్ బజార్‌కు నడిచాను. దారిలో ఒక చెట్టు నీడన తెచ్చుకున్న జొన్నరొట్టె తిన్నాను. సుల్తాన్ బజార్‌లో మధ్యాహ్నం పూట పోతే బేరం బాగా కుదురుతుంది. సాయంత్రమైతే ఇసుక వేస్తే రాలనంత జనం. ఒట్టి చేతులతో పోలేక ఒక దుకాణంలో రవికె గుడ్డ అడిగాను.

“ఎవరికి, ఇంటామెకా?” అన్నాడు దుకాణదారు.

“ఔ.”

“చీర లేకుంట ఒక్క రవికె గుడ్డనే? హుషారున్నవ్ పటేలా. మనిషి ఏం రంగు?”

“చామనచాయ.”

“మరి గా ఎర్రది పట్టుకున్నవేంది? ఇగో, ఈ ఆకుపచ్చ తీస్కపో. తిట్లు తప్పుతయ్.”

ఆకుపచ్చదే తీసుకున్నాను. నాంపల్లికి నడిచి వచ్చేసరికి ఐదు దాటింది. సందు మొదట్లో నిలబడి చూస్తే గుమ్మం ముందు కిషన్‌రావు సైకిలు కనబడలేదు. దఫ్తరు నుంచి ఇంకా రాలేదనుకున్నాను. వెనక్కి తిరిగి స్టేషన్ ఎదుట అరుగు మీద కూర్చున్నాను. లోపలికి పోయి ఏమనాలో అనుకుంటూ కూర్చున్నాను. పంపండి అనాలా, వస్తావా అనాలా. పంపండి అంటే వాళ్ళను అడగటం. వస్తావా అంటే ఆమెను అడగటం. ఆమెను నేను ఎప్పుడూ ఏదీ అడిగింది లేదు. దుకాణాల్లో లైట్లు వెలిగాక లేచాను.

తలుపు తీసింది కిషన్‌రావే. సైకిలు లోపల గోడకు ఆనించి ఉంది. మధ్యాహ్నం నుంచే సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడట. అతని వెనక అత్తమ్మ దేవుడి గూట్లో అప్పుడే దీపం పెట్టి వస్తోంది. వాకిట్లో ఒక ట్రంకు పెట్టె, తాడుతో కట్టి ఉంది. పీట మీద తాంబాళంలో పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు. అవి ఒడిబియ్యం. ఆడపిల్లను అత్తవారింటికి సాగనంపేటప్పుడు ఆమె కొంగులో పోసేవి.

“పొద్దటి బండికి రాలేదా అయ్యా?” అంది అత్తమ్మ.

“వచ్చిన అత్తమ్మా.”

“వచ్చి?”

“ఆబిడ్స్ పోయిన.”

ఆమె కొడుకు వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది. “ఆబిడ్స్ల ఏమున్నది?”

కిషన్‌రావు అందుకున్నాడు. “పొద్దుగాల ఒడిబియ్యం పోస్తందుకు ఐదుగురు ముత్తైదువలు వచ్చి కూసున్నరు బావా. పన్నెండు దాక సూసి పోయిన్రు. మీ కార్డుకు జవాబు ఎందుకు రాయలేదంటరా? వస్తున్నరు గద, ఇంకేం రాయాలె అనుకున్న.”

“ఎనిమిది గంటలకు బండి ఉన్నది గద. ఇప్పుడన్న పోయున్రి” అన్నాను.

అత్తమ్మ తల అడ్డంగా ఊపింది. దీపం పెట్టాక బియ్యం గడప దాటనివ్వరు. ఆ పట్టింపు మా ఇంట్లోనూ ఉంది. నాకు తెలియంది కాదు. ఒడిబియ్యం లేకుండా ఆడపిల్లను పంపరు, అదీ బిడ్డను పోగొట్టుకున్న తర్వాత మొదటిసారి పోతున్నప్పుడు. మరుసటి రోజు శుక్రవారం, ఆడపిల్ల పుట్టింటి గడప దాటదు. శనివారం నుంచి మూఢం, మంచి పనులేవీ చేయరు. అది నెలన్నర. మా ఊళ్ళో పంచాంగం చూసే అయ్యగారిని అడిగితే చెప్పేవాడే. నేను అడగలేదు. గురువారం మంచిదని వీళ్ళు మాత్రం అడిగి పెట్టుకున్నారు. ఉన్నది ఆ ఒక్క పగలే.

నాకు ఉండిపోయే వీలు లేదు. శుక్రవారం తెల్లవారుజామున చెరువు తూము నీళ్ళు మా పొలానికి వంతు. అది తప్పితే మళ్ళీ ఎనిమిది రోజులకు, యాసంగి వరి అప్పటిదాకా ఆగదు. తిని పొమ్మన్నారు. అన్నం అనసూయ వడ్డించింది. చిక్కిపోయింది. కొత్త చీర కట్టుకుని ఉంది, పొద్దంతా కూర్చున్నందువల్ల కుచ్చిళ్ళు నలిగాయి. అత్తమ్మ, కిషన్‌రావు అవతలికి పోయారు.

“పదిన్నర బండి కూత ఇన్న” అంది. “పెట్టె నేనే వాకిట్లకు గుంజిన. ఏడేడ తిరిగిన్రు?”

చెప్పాను. “నువ్వు చెప్పిన హోటల్ల చాయ తాగిన. పరద ఉన్న మూల కూసుంటుంటివేమో అనుకున్న.”

“నేనా? నేను లోపలికేడ పోయిన?” అంది. “టాంగల పోతుంటె పరద సందుల్నించి కనబడుతుండె. గంతే. లోపటి సంగతులు అన్న చెప్తుండె. బొమ్మ గూడ అన్న చెప్పిందే.” అన్నం గిన్నె కింద పెట్టి కూర్చుంది. “ఎట్లుంటది లోపల?”

తెల్లరాతి బల్లలు, అద్దాలు, సాసరు, మూతి కాలటం అన్నీ చెప్పాను. చెప్పులు విడిచిన సంగతి చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను కంచం వైపు చూశాను.

“నువ్వు ఈడనే ఉండబుద్ధయి రాలేదనుకున్న” అన్నాను.

“తీస్కపోతందుకు మీరు రాకపోతిరి. నా అంతట నేనెట్ల వస్త? బిడ్డను సంపుకున్నదని మీకు నా మీద కోపమున్నదనుకున్న.”

“గట్లెందుకనుకుంట?”

“మీరు చెప్తె గద తెలిసేది.”

రవికె గుడ్డ ఇచ్చాను. దీపం దగ్గరికి తీసుకుపోయి చూసింది. మడిచి ట్రంకు తాడు కింద దోపింది. పెట్టె విప్పలేదు.

నేను లేచేటప్పుడు గడప లోపల నిలబడి, “మూఢం పోయిన తెల్లారి బండికే రాండ్రి” అంది. “మళ్ళ ఊరు సూసుకుంట కూసోకున్రి.”

“అందాక ఫికర్ లేకుంట తిను” అన్నాను. నాకు వచ్చిన మాట అదొక్కటే.

ఎనిమిది బండి ఖాళీగానే ఉంటుంది, పడుకుని రావచ్చు. నేను పడుకోలేదు. తెల్లవారేసరికి తూము దగ్గర ఉన్నాను. నీళ్ళు పొలానికి అందాయి.

ఆబిడ్స్ చూడదగిన చోటే, చాయ తాగదగినదే, సుల్తాన్ బజార్‌లో గుడ్డ మన్నికైనదే. వాటిలో నేను వెతికింది ఏదీ లేదు. ఆమె ఊరు అనుకుని నేను తిరిగిన వీధులు ఆమె ఎన్నడూ నడవనివి. నేను రాతిబల్ల ముందు కూర్చుని ఆమె గురించి ఆలోచిస్తున్న గంటలో, ఆమె పావుగంట దూరంలో కట్టిన పెట్టె పక్కన కూర్చుని ఉంది. ఇది రాస్తున్న నాటికి మూఢం పోవడానికి ఇంకా పన్నెండు రోజులు. ఇంట్లో పొయ్యి పక్కన ఆమె పీట తీయలేదు, అక్కడే ఉంది. సాయంత్రాలు పొలం నుంచి వచ్చాక ఏమీ తోచదు.

పోయేవాళ్ళకు ఒక్క మాట. నాంపల్లిలో దిగి బయటికి రాగానే టాంగాలవాళ్ళు చుట్టూ మూగుతారు. ఊళ్ళో మీ మనుషులు ఎవరైనా ఉంటే ఏ టాంగా ఎక్కకుండా, ఏ పూటని చూడకుండా, ముందు వాళ్ళ గుమ్మానికి నడవండి. మగవాళ్ళు ఇంట్లో లేకపోతే అరుగు మీద కూర్చోవచ్చు. మీరు వచ్చినట్టు లోపలివాళ్ళకు తెలుస్తుంది.