ఆఫ్రికా పోపుకు వేయని రంగు

నాటకాలకు మేకప్ చేసినవాళ్ళు మా కర్నూలు ప్రాంతంలో కొద్దిమందే మిగిలారు. ఆ పని తీరు తెలిసినవాళ్ళం పోకముందే ఈ ఒక్క ఉదంతాన్నయినా రాసిపెట్టడం నా విధిగా భావిస్తున్నాను.

అది 2017. కోడుమూరు దగ్గరి ఒక పల్లెలో చర్చి పండుగకు నాటకం. రెండో శతాబ్దం చివర రోములో పోపు అయిన మొదటి విక్టరు కథ. ఈస్టరును అందరూ ఆదివారమే జరపాలని పట్టుబట్టిన మనిషి ఆయన. ఆఫ్రికావారని విని, నాటకం నడిపే చర్చి ఉపదేశి రాయప్ప, ఊళ్ళో అందరికంటే నల్లనివాడైన గోడలు కట్టే బేల్దారి బాలస్వామికి ఆ వేషం ఇచ్చాడు. అంతకుముందు బాలస్వామికి దక్కినవన్నీ సైతాను వేషాలే.

నా పెట్టెలో బేస్, అంటే ముఖానికి మొదట పూసే రంగు, రెండు రకాలే ఉండేవి. రాజులకూ మునులకూ గులాబి, రాక్షసులకు నలుపు.

“ఇంగా శానా నల్లగా కొట్టు సార్. ఆఫ్రికా అంటే జనం నమ్మల్ల గదా!” అన్నాడు రాయప్ప.

“అది నా సైతాను డబ్బా గదప్పా,” అన్నాడు బాలస్వామి. నవ్వుతూనే అన్నాడు గాని, పోపు వేషపు తెల్ల అంగీ అంచును పిసుకుతున్నాడు.

వేషం గురించి చదవందే డబ్బా మూత తీయకపోవడం నా పద్ధతి. ఆనాటి ఆఫ్రికా అంటే రోము ఏలిన ఉత్తర తీరం. అక్కడ అన్ని ఛాయల మనుషులూ ఉండేవారు. ఆ మూలం ఉన్న తొలినాటి పోపులు ముగ్గురని చెబుతారు. వారి ఒంటి రంగు మాత్రం ఎవరూ రాయలేదు. అదే చెప్పాను.

“అట్లయితే ఈయప్పే ఎందుకు? మా తమ్ముడు చిన్నప్ప ఎర్రగా ఉండాడు. వానికే కట్టిద్దాం,” అన్నాడు రాయప్ప.

బాలస్వామి తల దించుకుని అంగీ గుండీలు విప్పసాగాడు.

“ఎరుపనీ ఎవరూ రాయలేదు,” అన్నాను గట్టిగా. “రంగు చూసి వేషం ఇవ్వడమూ తప్పే, తీసెయ్యడమూ తప్పే. ఈస్టరు ఘట్టం ఇద్దరి చేతా చెప్పించండి.”

చిన్నప్ప రెండో వాక్యానికే తడబడ్డాడు. బాలస్వామి “ఆదివారమే!” అన్నప్పుడు పండుగ భోజనం వండుతున్న ఆడవాళ్ళు గరిటెలు ఆపి చూశారు.

“నువ్వే కట్టప్పా. ఆ గొంతు మావానికి యాడొస్తాది!” అన్నాడు రాయప్ప.

“నాకు ఏ డబ్బా తీస్తాండావు సార్?” అడిగాడు బాలస్వామి.

రెండూ మూసేశాను. చెమట తుడిచి, కనుబొమలు దిద్ది, గడ్డం అతికించి పంపాను. దీపాల కింద అతని ఛాయ పాత రాగిచెంబులా మెరిసింది. ముందు వరుసలో అతని తల్లి పక్కామెతో అంటోంది: “మావాడే! ఎన్ని ఆటలాడినా ఇన్నాళ్ళూ గుర్తుపట్టలేకపోతిని గదమ్మా.”

మనిషిని గుర్తుపట్టనీయకపోవడమే మేకప్ అని మా గురువు నేర్పారు. ముఖం చూశాకే చేయి డబ్బా మీదికి పోవాలని ఆ తల్లి నేర్పింది.

నేను చరిత్రకారుణ్ణి కాను. పోపుల విషయంలో పొరపాటు రాసి ఉంటే, తెలిసినవారు మొహమాటపడక దిద్దవలసిందిగా కోరుతున్నాను.