విమానానికి ఆనించిన బండి

ఆకాశంలో విమానానికి కీడు జరిగితే పత్రికలు పతాక శీర్షికలు పెడతాయి. నేల మీద కదలక మెదలక నిలబడిన విమానాన్ని సామాన్ల బండి తాకితే మాత్రం లోపలి పేజీలో రెండే వాక్యాలు, అందులో ఒకటి ‘డ్రైవరు నిర్లక్ష్యం’. ఆ డ్రైవరు అంతకు ముందు ఏ బండి నడిపాడో, ఎలా నడిపాడో అడిగిన విలేకరిని ఇంతవరకు ఎవరూ చూడలేదు.

పుంగనూరు నారాయణప్ప నడిపింది టమోటాల టెంపో. చుట్టుపక్కల తోటల్లో క్రేట్లు ఎత్తుకొని మదనపల్లె మార్కెట్టుకు చేరవేసేవాడు. అక్కడ బండి పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. వెనక్కి వచ్చి వచ్చి, బండి తోక మండీ అరుగుకు ఆనాలి. కుదుపు తెలియకుండా, మెత్తగా ఆనాలి. జానెడు సందు మిగిలిందా, కూలీలు ఊరుకోరు.

“ఏమప్పా, ఆ సందులో కాలవ తవ్వుతావా? ఇంగా రా!”

నారాయణప్పను అలా అనవలసిన అవసరం ఏ కూలీకీ కలగలేదు. అద్దం చూడకుండానే ఆనించగలడని అతనికి పేరు.

ఆ పేరు విన్నవాడే కుప్పం భానుప్రకాశ్. పొరుగు రాష్ట్రపు పెద్ద విమానాశ్రయంలో, ప్రయాణికుల సామాన్లు ఎక్కించే కంపెనీకి సూపర్‌వైజరు. “టమోటాలు నలక్కుండా దించేటోనికి పెట్టెలొక లెక్కా?” అంటూ నారాయణప్పను తీసుకుపోయి ఉద్యోగంలో పెట్టించాడు. నెలజీతం వస్తుందని అందరికంటే ఎక్కువ సంబరపడింది నారాయణప్ప భార్య వసంతమ్మ. టమోటా ధర పడిన రోజుల్లో మొగుడి ముఖం చూడలేక ఆమె విసిగిపోయి ఉంది.

కొత్త చోట ఏసీ గదిలో శిక్షణ ఇచ్చారు. విమానానికి తగలకుండా, కాస్త ఎడంగా ఆగాలన్నారు. నారాయణప్ప శ్రద్ధగా విన్నాడు. అయితే, ‘ఇదివరకు నువ్వు బండి ఎలా పెట్టేవాడివి?’ అని అడగాలన్న ఇంగితం ఆ బోధకులలో ఒక్కరికైనా కలగలేదు. అతని బుర్రకు పాఠం చెప్పారు. కాలికి ఎవరూ చెప్పలేదు.

అతనికిచ్చింది బెల్టు బండి. ఏటవాలు పట్టీ మీద పెట్టెలను విమానం కడుపులోకి ఎక్కించేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాని రోజుల్లో, ఒక మధ్యాహ్నం, తోటి పనివాడు సిద్ధార్థ చేతులు అడ్డంగా చాచి ఆగమన్నాడు. నారాయణప్ప ఆగాడు. ఎదుట పట్టీ కొసకూ విమానం తలుపుకూ మధ్య సందు కనిపించింది. చూసేకొద్దీ అది పెరుగుతున్నట్టు తోచింది. ఇన్నేళ్లూ అలాంటి సందును అతను ఒక్కనాడూ సహించలేదు. కాలు దాని పని అది చేసేసింది.

బండి ముందుకు జరిగి, ఆనింది. మెత్తగానే ఆనింది.

సిద్ధార్థ పరుగెత్తుకొచ్చాడు. “యాల కదిలించినావప్పా!” అంటూ విమానం ఒంటిని తడిమి, ఊపిరి వదిలాడు. “గీత గూడా పల్లేదు. ఎవురూ సూడలే. వెనక్కి తీసి గమ్మునుండు.”

పైన మెట్ల మీద జనం ఎక్కుతున్నారు. చెబితే ఉద్యోగం ఉండదని నారాయణప్పకు తెలుసు. కానీ క్రేటులో పై వరస నిగనిగలాడుతుంటే అడుగు వరస చితికిపోయి ఉండటం అతను ఎన్నిసార్లు చూడలేదు! బండి దిగి తిన్నగా భానుప్రకాశ్ దగ్గరికి నడిచాడు.

“అప్పా, బండి ఆనింది.”

“యాడ?”

“విమానానికి.”

“ఆనిందా, గుద్దిందా?”

“ఆనింది. నేనే ఆనించినా.”

“నువ్వే ఆనించినావా! ఇదేమన్నా మండీ అనుకుంటివా? నిన్ను పిలుచుకొచ్చిన నాకు బుద్ధి లేదు!” అని తిడుతూనే భానుప్రకాశ్ వైర్‌లెస్‌లో కబురు చెప్పాడు.

ప్రయాణికులను దించేశారు. ఎవడా మూర్ఖుడని ఒక పెద్దమనిషి కేకలు వేశాడు. ఇంజనీర్లు వచ్చారు. పైపైన ఏమీ లేదు. లోపల మాత్రం తలుపు చట్రాన్ని పట్టి ఉంచే బద్ద ఒకటి చీలి ఉంది. ఆ విమానాన్ని ఆపి, జనానికి మరొకటి తెప్పించారు.

విచారణలో ‘నిర్లక్ష్యం’ అని రాయబోయారు. భానుప్రకాశ్ అడ్డుపడ్డాడు. “నిర్లక్ష్యమైతే దూరంగానే ఆపేసి కూర్సోనుండును సార్. ఈ మనిషిది మించిన శ్రద్ధ.” తానుగా వచ్చి చెప్పాడు కనుక ఉద్యోగం తీసేయలేదు. మళ్లీ శిక్షణ పూర్తయ్యేదాకా స్టీరింగు ముట్టకూడదన్నారు. ఆ శిక్షణను సరిచేసుకోవాలని మాత్రం ఏ అధికారీ అనలేదు. అనరు కూడా!

బయటికొచ్చి నారాయణప్ప ఇంటికి ఫోను చేశాడు.

“ఉద్యోగం ఉండాదా, పోయిందా? అది సెప్పు ముందు,” అంది వసంతమ్మ.

“ఉండాది. బండి మాత్రం ఇయ్యరంట.”

“మరి ఆడ ఏం చేస్తావు?”

“పెట్టెలు మోస్తా.”

“మోయి, మోయి. కూర్సోని కూర్సోని పొట్ట గూడా పెరిగిండాది.”

నారాయణప్పకు నవ్వొచ్చింది. అంతలో ఇంకో విమానం వచ్చి నిలబడింది. చొక్కా చేతులు పైకి మడిచి, దాని వైపు కాలినడకన బయలుదేరాడు.