స్టేషన్ అరుగు మీద పద్నాలుగు రాళ్ళు

1979 ఫిబ్రవరి. అప్పట్లో నేను అమలాపురం తాలూకా ఆఫీసులో సర్వేయర్‌ని. గోదావరి అవతల, రామచంద్రపురం వైపు చూసే సర్వేయర్ గారికి టైఫాయిడ్ రావడంతో ఆయన పని ఒకటి నా నెత్తిన పడింది. పని పేరు ఘనంగానే ఉంది: రైల్వే హద్దుల నిర్ణయం. చిక్కల్లా ఏమిటంటే అక్కడ రైలు లేదు.

ఒకప్పుడు ఉండేది. కాకినాడ నుంచి కోటిపల్లి రేవుదాకా నడిచేది. మా కోనసీమ గడ్డ మీద రైలు కాలు పెట్టలేదు గానీ, మావాళ్ళు ముక్తేశ్వరంలో పడవెక్కి, ఏరు దాటి, ఆ రైలు పట్టుకునేవారు. యుద్ధకాలంలో పట్టాలు పీకి పట్టుకుపోయారు. పట్టాలు పోయాక స్లీపర్లు పోయాయి, కంకర ఊరి రోడ్ల మీదికి పోయింది, గట్టు మట్టి ఇళ్ళ పునాదుల్లోకి పోయింది. నేను వెళ్ళిన ఊళ్ళో మిగిలినవి రెండే: చూరు విరిగిన చిన్న స్టేషన్ కట్టడం, బడిలో గంటగా వేలాడే పట్టా ముక్క.

మళ్ళీ లైను వేస్తారని ఏదో మాట పుట్టింది. దాంతో మా భూమి ఎంతవరకో తేల్చండని రైల్వేవాళ్ళు రాశారు. గురువారం నాడు వాళ్ళ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి నాతో కలిసి చూసే జాయింట్ ఇన్‌స్పెక్షన్. నేను మంగళవారమే వెళ్ళాలి.

ఈ తేల్చడం మీద ఒకావిడ ఇల్లు ఆధారపడి ఉంది. రూతమ్మ టీచర్ గారు. సొంతూరు అల్లవరం. ఈ ఊళ్ళో పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్నారు. రిటైరవడానికి మూడేళ్ళుందనగా పాత లైను పక్కన రెండు గదుల పెంకుటిల్లు కట్టుకున్నారు. అది రైల్వే స్థలంలో ఉందని ఎవరో అర్జీ పెట్టారు. హద్దు లోపల పడితే ఇల్లు తీసేయాల్సిందే. ఆవిడకి మరో ఇల్లు లేదు.

సర్వే పనిలో రాయే దేవుడు. పొలం మూలల్లో పాతిన సర్వే రాళ్ళ దగ్గర మొదలుపెట్టి, చైన్‌తో, అంటే వంద లింకులుండే ఇనప గొలుసుతో కొలుచుకుంటూ పోతాం. మ్యాపులో ఉన్న కొలతలన్నీ ఆ రాళ్ళ నుంచి తీసినవే. ఊళ్ళో రాళ్ళ పూచీ మునసబు గారిది. ఆ ఊరి మునసబు సత్తిరాజు గారు. మర్యాదలో ఆయనకి ఆయనే సాటి.

నేనూ, మా చైన్‌మన్ అప్పన్నా బస్సు దిగేసరికే ఆయన గొడుగుతో ఎదురొచ్చారు. కొబ్బరిబొండం ఇచ్చారు. ఉప్మా పెసరట్టు పెట్టించారు. "ఇంకోటి వేయించుకోండి సర్వేయర్ గారూ, ఏటవతల్నుంచి వచ్చేరు" అని మొహమాటపెట్టారు. తిన్నాను. తిన్నాక, రాళ్ళు చూపించండి అన్నాను.

"ఆయ్. పదండి" అని స్టేషన్‌కి తీసుకెళ్ళారు.

స్టేషన్ అరుగు మీద పద్నాలుగు సర్వే రాళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. శుభ్రంగా కడిగి, సున్నం కొట్టి ఉన్నాయి. పెద్దవి అటు, చిన్నవి ఇటు.

నేను ఆ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ ఈ చివరికి వచ్చాను. మునసబు గారు అది మెచ్చుకోలు అనుకున్నారు.

"దాళవా పంట నాట్లు కదండీ, మోకాటి లోతు బురద. ప్యాంటు వేసుకున్నవారు, మీరెక్కడ దిగుతారని మేమే పెరికించి పట్టుకొచ్చేసేమండి. ఒక్కటీ వదల్లేదండి. నీడపట్టున కూర్చుని చూసుకోండి."

"మునసబు గారూ, రాయిని చూసి నేనేం చేసుకుంటానండీ? అది ఎక్కడుందో నాకు కావాలి గానీ!"

"ఇక్కడే ఉందండి" అన్నారాయన.

అప్పన్న మొహం అటు తిప్పుకున్నాడు, నవ్వాపుకోవడానికి. నాకు మాత్రం ఏడుపొచ్చింది. రాళ్ళు లేవని రిపోర్టు రాస్తే ఆఫీసులో నాకు అక్షింతలు. రాళ్ళు లేకపోతే టీచర్ గారి ఇల్లు బయటుందని చెప్పే సాక్ష్యమూ లేదు.

రాళ్ళు తెచ్చిన కూలీలనే పిలిపించి, ఎక్కడివి అక్కడ పాతేయండి అన్నాను. ఆ రోజు నేను చేసిన రెండో తప్పు అది. మొదటిది పెసరట్టు. రాయి మోసేవాడికీ పొలం ఉంటుంది, వాడి అన్నదమ్ములకీ పొలం ఉంటుంది. రైల్వే తన పొలంలోకి రావాలని ఎవడు కోరుకుంటాడు? ప్రతివాడూ ఓ నాలుగడుగులు పక్కవాడి వైపు జరిపి, భక్తిగా పాతాడు.

బుధవారం పొద్దున్న క్రాస్ స్టాఫ్ పెట్టి చూశాను. తిన్నని గీతకి లంబంగా మరో గీత చూసుకునే కర్ర అది. దాంట్లోంచి చూస్తే ఏ రాయీ మరో రాయితో కలవడంలేదు. మ్యాపులో లైను ఆ ఊరు దాటేదాకా కొబ్బరి ఈనెలా తిన్నగా ఉంది. ఈ రాళ్ళ ప్రకారం మాత్రం రైలు చెరువులో ఓ మునక వేసి, మామిడిచెట్టు చుట్టూ ప్రదక్షిణ చేసి, చివరికి రూతమ్మ టీచర్ గారి వంటింట్లోంచి పోవాలి. ఊళ్ళో అన్నదమ్ములు లేనిది ఆవిడొక్కరికే. అందరూ తోసుకుంటూ తోసుకుంటూ రైలుని ఆవిడ మీదికి తోసేశారు.

ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నారు.

"బాబూ, రైలు నా పొయ్యి మీంచి వెళ్ళేదంటారా?"

"రాళ్ళు అలా అంటున్నాయండి. నేననడంలేదు."

"నేను ఆ రైలెక్కేనండి. పదేళ్ళప్పుడు కాకినాడ మిషన్ హాస్టల్లో వేసేరు. మా నాన్న కోటిపల్లిలో ఎక్కించి వెనక్కెళ్ళిపోయేవారు. ఏడుపు ఆపుకోవడానికి అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. ఈ స్టేషన్ దాటేక రైలు కింద డొల్లగా మోగేది. మళ్ళీ తొంభై లెక్కపెట్టేలోపు ఇంకోసారి మోగేది."

నేను చటుక్కున లేచి నిలబడ్డాను. డొల్లగా మోగిందంటే కింద నీళ్ళు పోయే తూము ఉన్నట్టే. రైలు తూముని దాని నడుము సరిగ్గా లైను మధ్య కిందికి వచ్చేలా కడతారు. రెండు తూముల నడుములు కలిపితే అదే సెంటర్ లైన్, అంటే లైను నట్టనడిమి గీత. అక్కణ్ణుంచి అటు డెబ్భై అయిదు లింకులు, ఇటు డెబ్భై అయిదు లింకులు రైల్వేది. ఇటుకలతో కట్టిన తూముని ఎంత మర్యాదస్థుడైనా మోసుకొచ్చి అరుగు మీద పెట్టలేడు.

మొదటి తూము తూటికాడల కింద దొరికింది. రెండోది కనిపించలేదు. అక్కడి బోదె, అంటే పిల్లకాలువ, ఎప్పుడో పూడిపోయింది. తొంభై అంకెల్లో ఆ రైలు ఎంత దూరం పోతుందో లెక్కేసి చూస్తే, అది ఉండాల్సిన చోట ఓ పెద్ద గడ్డిమేటు ఉంది.

"ఇదెవరిదండీ?" అన్నాను.

ఊరు ఊరంతా మునసబు గారి వైపు చూసింది.

"నాదేనండి" అన్నారాయన, ఇంకో పెసరట్టు వెయ్యమన్నంత మృదువుగా.

అప్పన్న మేటు మొదట్లో గునపం దించాడు. మూడో పోటుకి ఖంగుమని ఇటుక పలికింది. రూతమ్మ గారు కళ్ళు మూసుకుని "స్తోత్రం ప్రభువా" అన్నారు. మునసబు గారు మనుషుల్ని పిలిచి తన గడ్డిమేటు తనే తీయించారు. ఆ గడ్డి మోసేవాళ్ళకి మజ్జిగ కూడా పోయించారు.

రెండు తూముల మధ్యా గొలుసు లాగాం. మునసబు గారి గడ్డిమేటు మొత్తం, పశువుల పాక సగం రైల్వే స్థలంలో తేలాయి. రూతమ్మ గారి గోడ హద్దుకి ఒకటిన్నర లింకు అవతల ఉంది. అంటే ఒక్క అడుగు. నమ్మకం చాలక మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అడుగే. ఆవిడ మెట్టు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకున్నారు.

గురువారం రైల్వే ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి, తూములు చూసి, ఆయనా ఓసారి కొలిపించుకుని ఒప్పుకున్నారు. మునసబు గారు మారుమాట్లాడకుండా సంతకం పెట్టారు. ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి అడిగేశాను.

"నిజం చెప్పండి. రాళ్ళు పెరికించింది మర్యాద కోసమా, పాక కోసమా?"

"రెండూనండి" అన్నారు. "మర్యాదలోనే పనైపోతే అబద్ధం ఆడే బాధ ఉండదు కదండీ. కానీ టీచరు గారింటి మీదికి పోతుందని నేననుకోలేదండి. మా అమ్మాయిలిద్దరికీ అక్షరాలు దిద్దించింది ఆవిడే."

ఆ మాట నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అయినా ఆ మధ్యాహ్నం ఆయనింట్లో భోజనం చెయ్యలేదు.

చివరి పని స్కెచ్. స్టేషన్ గదిలో బల్ల వేసుకుని గీయబోతుంటే రూతమ్మ గారు వచ్చి పక్కన నిలబడ్డారు. కాగితం మీద ఓ మూలకున్న చిన్న పెట్టె చూసి, "మా ఇల్లు ఇంతేనా బాబూ?" అన్నారు.

"స్కేలు ప్రకారం అంతేనండి."

"మరి ఆ అడుగు స్థలం ఎక్కడుంది?"

చూపించబోయి ఆగిపోయాను. ఆ స్కేల్లో అడుగంటే పెన్సిల్ గీత లావంత. నా చేతిలో పెన్సిల్ పొద్దుటి నుంచి రాసీ రాసీ మొద్దుబారి ఉంది. దాంతో హద్దు గీస్తే ఆ అడుగు గీత కిందే మాయమైపోతుంది. రేపు ఆ కాగితం చూసిన ఏ ఆఫీసరైనా గోడ హద్దుని తాకిందనే అంటాడు. మూడుసార్లు కొలిచిన నాకు ఆ సంగతి తట్టనే లేదు. ఆ మాటే ఆవిడతో చెప్పాను.

రూతమ్మ గారు పిల్లాడి చేతిలోంచి తీసుకున్నట్టు నా పెన్సిల్ తీసుకున్నారు. సంచీలోంచి బ్లేడు తీసి, సూదిలా అయ్యేదాకా ఓపిగ్గా చెక్కి, నా చేతిలో పెట్టారు.

"ఇప్పుడు గీయండి" అన్నారు.

గీశాను. గీతకీ గోడకీ మధ్య తెల్లటి సందు, వెంట్రుకంత, నిలిచింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు హద్దులు గీస్తూ బతికాను. పెన్సిల్ చెక్కకుండా ఒక్క గీతా గీయలేదు.